జొన్న బెండు బండి, లెగో బండి: చక్రం మనకు కొత్త కాదు

పోస్ట్ కొంచెం పొడుగుంది, ఓపికతోని చదవండి.

మేడ్చల్, శామీర్‌పేట దిక్కు హాస్టళ్లల్ల ఉండి చదువుకుంటున్న మేం కొందరం పైసలు జమ చేసి ఒక పాత లెగో డబ్బా కొన్నం. దాంతోని లోడు మోసే బండి కట్టి నడిపించి చూసినం. ఆ పని నడుస్తుంటే మాలోనే ఒక మాట వచ్చింది: "ఇవి పెద్దింటి పిల్లల ఆటలు, మనకెందుకు?" ఈ మాటకు జవాబు చరిత్రలో ఉంది. అందుకే రాస్తున్నం.

ముందు మన ఊళ్ల సంగతి. జొన్న కోతలైనంక తండాల్లో, గూడేల్లో పిల్లలు ఎండిన దంటు తీసుకొని పైనున్న గట్టి తొక్క చీలుస్తరు. లోపల తెల్లగా, తేలిగ్గా బెండు ఉంటది. బెండును ముక్కలు కోసి, తొక్కను సన్నటి పుల్లలుగా చీల్చి, ఆ పుల్లలు బెండులో గుచ్చి బండి కడతరు. కాడి, నొగలు, చక్రాలు, ఎద్దులు అన్నీ అందులోనే వస్తయి. జిగురు లేదు, మేకు లేదు. తొక్క అంచుకు వేళ్లు తెగుతయి, అయినా ఎవరూ ఆపరు. ఎండకాలంల ముంజలు తిన్నంక రెండు తాటికాయల నడుమ పుల్ల గుచ్చి, పంగ కర్రతోని తోసుకుంట ఉరుకుడు మనందరికీ తెలిసిందే.

లెగోలో టెక్నిక్ అనే రకం ఉంటది. రంధ్రాలున్న కడ్డీలు, వాటిని కలిపే పిన్నులు. బెండు ముక్క ఒక కడ్డీ అనుకోండి, తొక్క పుల్ల ఒక పిన్ను. చేసే పని ఒక్కటే.

బొమ్మబండి ఈ ఉపఖండంలో ఎంత పాతదో చెప్పాలంటే హరప్పా, మొహెంజొదారో తవ్వకాల్లో దొరికిన మట్టి బండ్లు చాలు. నాలుగు వేల ఏండ్లకు మించినవి. మనకు ఇంకా దగ్గరి కథ మహారాష్ట్రలో ప్రవరా నది ఒడ్డున ఉన్న దైమాబాద్‌ది. 1974లో అక్కడ ఛబు లక్ష్మణ్ భిల్ అనే ఆదివాసీ రైతు ఒక పొద వేరు దగ్గర తవ్వుతుంటే నాలుగు కంచు బొమ్మలు దొరికినయి. ఒక రథం, ఒక దున్నపోతు, ఒక ఏనుగు, ఒక ఖడ్గమృగం. రథం సుమారు 45 సెంటీమీటర్ల పొడవు. రెండు ఎద్దులు లాగుతుంటయి, మనిషి నిలబడి తోలుతుంటడు. దున్నపోతు, ఖడ్గమృగం కూడా చక్రాల మీదే ఉన్నయి. వాటి కాలం గురించి, ఎందుకు చేసిన్రన్నదాని గురించి పండితుల మధ్య వాదన ఉంది. కానీ వాటిని మొదట భూమిలో నుంచి తీసింది ఒక భిల్లు చెయ్యి. ఆ పేరు రికార్డులో నిలబడింది కాబట్టే ఈరోజు మనం చెప్పుకోగలుగుతున్నం.

ఇగ లెగో కథ. అది కూడా ఒక వడ్రంగి కథే. డెన్మార్క్‌లో బిలుండ్ అనే చిన్న ఊళ్లె ఓలె కిర్క్ క్రిస్టియాన్సెన్ 1932లో కట్టె బొమ్మలు చేసుడు మొదలుపెట్టిండు. లెగో అనే పేరు 'బాగా ఆడు' అనే అర్థం ఉన్న డానిష్ మాటల నుంచి వచ్చింది. 1949లో ప్లాస్టిక్ ఇటుకలు వచ్చినయి. ఆ ఆలోచన ఇంగ్లండ్‌లో హిలరీ పేజ్ చేసిన కిడిక్రాఫ్ట్ ఇటుకల నుంచి తీసుకున్నదే. మొదట్లో ఇటుక లోపల బోలుగా ఉండి పట్టు సరిగ్గా ఉండేది కాదు. లోపల గొట్టాలు పెట్టి పట్టు తెచ్చిన డిజైన్‌కు 1958 జనవరి 28న ఓలె కొడుకు గాడ్‌ఫ్రెడ్ పేటెంట్‌కు దరఖాస్తు పెట్టిండు. 1962లో చక్రాలు, 1977లో టెక్నిక్ సెట్లు వచ్చినయి.

మరి బెండు బండికి, లెగోకు తేడా ఎక్కడుంది? తెలివిలో లేదు, కొలతలో ఉంది. లెగో ఇటుక మీది బొడిపెల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. ఆ కొలత మారలేదు కాబట్టి 1958 నాటి ఇటుక ఈరోజు కొన్న ఇటుకకు పడుతది. మన బెండు కొలత వేలితోని, జానతోని పోతది. ఒక పిల్లగాని చక్రం ఇంకొకని బండికి పట్టదు. వాన పడితే బండి పాయె, అది ఎట్ల కట్టిన్రో రాసిన కాగితం లేకపాయె.

కొలత ఎంత పెద్ద సంగతో మేడ్చల్ రైలు స్టేషనే చెప్తది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు వచ్చిన నిజాం రైలు బ్రాడ్ గేజ్, పట్టాల మధ్య 1676 మిల్లీమీటర్లు. తర్వాత మేడ్చల్ మీదుగా మన్మాడ్‌కు వేసింది మీటర్ గేజ్, 1000 మిల్లీమీటర్లు. ఒకదాని డబ్బా ఇంకోదాని మీద నడవదు. సరుకు దించాలె, మళ్లీ ఎక్కించాలె.

ఈ రైలు కథలో మనోళ్ల నష్టం కూడా ఉంది. అంతకుముందు దక్కన్‌లో ఉప్పు, ధాన్యం మోసింది లంబాడీల ఎద్దులే. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే పది, పన్నెండు వేల ఎద్దులున్న బిడారుల గురించి రాసిండు. రోడ్లు, రైళ్లు వచ్చినంక ఆ బతుకుదెరువు పోయింది. పైగా 1871లో బ్రిటిష్ వాళ్లు తెచ్చిన నేరస్థ తెగల చట్టం కింద కొన్ని ప్రాంతాల్లో బంజారాలను కూడా చేర్చిన్రు. దేశానికి సరుకు మోసినోళ్లకు దొంగలనే ముద్ర పడ్డది. 1952 దాకా ఆ చట్టం పోలేదు. అందుకే మేం రేసు కారు కాకుండా లోడు బండి ఎంచుకున్నం.

మేం చేసిన పరీక్షలు మూడు. ప్రతిసారి ఒక్కటే మార్చినం, నోట్‌బుక్‌లో రాసుకున్నం. మొదటిది గేర్లు. మోటరును నేరుగా ఇరుసుకు కలిపితే బండి గచ్చు మీద ఉరికింది, గ్లాసెడు బియ్యం పెట్టి ర్యాంపు ఎక్కిస్తే ఆగింది. 8 పండ్ల గేరుతో 24 పండ్ల గేరును తిప్పినం. వేగం మూడో వంతుకు పడిపోతది, రాపిడికి కొంత పోయినా బలం దాదాపు మూడింతలు వస్తది. అదే బియ్యంతోని మెల్లగా ఎక్కింది. రెండోది చక్రాలు. కంకర మీద చిన్న చక్రం ఇరుక్కుంటది, పెద్ద చక్రం దాటుతది. కానీ అదే పెద్ద చక్రం వేస్తే ర్యాంపు మీద లాగుడు తగ్గుతది. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలె. మూడోది లోడు. వెనక, ఎత్తుగా పెడితే ఎక్కుట్లో ముందు చక్రాలు లేస్తయి. కిందికి, నడుమకు పెడితే నిలబడుతది. ఎద్దు వీపు మీద గోనెలు రెండు పక్కలా సమానంగా వేసుడు మన తాతలకు తెలిసిన విద్య. దాన్నే పుస్తకంల గరిమనాభి అంటున్నరు.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు రెండు మాటలు. ఒకటి, నీతి ఆయోగ్ కింద 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు 6 నుంచి 12 తరగతుల పిల్లల కోసమే. ఒక్కో బడికి 20 లక్షల దాకా గ్రాంట్ ఉంటది. మీ బడిలో ల్యాబ్ ఉంటే కిట్ తెరవమని సార్‌ను, మేడమ్‌ను అడగండి. ఇన్‌స్పెక్షన్ రోజు చూపించేటందుకు కాదు అది, మీరు విప్పి మళ్లీ కట్టేటందుకు.

రెండోది పైసల్లేని పని. ఈసారి జొన్న కోతలకు ఇంటికి పోయినప్పుడు తాతతోనో, నాయనతోనో బెండు బండి కట్టించండి. స్కేలు పెట్టి కొలవండి. ఏ ముక్క ఎంత పొడవు, ఏ పుల్ల ఎక్కడ గుచ్చిన్రు, ఏ భాగాన్ని మీ భాషలో ఏమంటరు అన్నీ రాయండి. గోండి, కోయ, గోర్ బోలి, ఏ భాషైనా సరే. కొలత రాసి పెట్టినోని బొమ్మ ప్రపంచమంతా తిరిగింది. మన బండి కొలత మనమే రాయాలె.