డుబ్రోవ్నిక్‌లో నాలుగు రోజులు, ఆరు వందల ఏళ్ళ జాగ్రత్తలు

మా టీములో ఒక కుర్రాడికి ఈమధ్యే పెళ్ళయింది. భార్యతో కలిసి క్రొయేషియా వెళ్తున్నానని, డుబ్రోవ్నిక్‌లో నాలుగు రోజులుంటానని చెప్పాడు. "అన్నా, నువ్వు వెళ్ళొచ్చావు కదా, ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పవా?" అన్నాడు. మా వృత్తిలో దేనికైనా ఎక్సెల్ షీటే కదా. పన్నెండు వరసలు రాసి పంపించాను. ఏ నెలలో వెళ్ళాలి, ఎక్కడ దిగాలి, గోడ ఎప్పుడెక్కాలి, ఇలాంటివి. పంపాక ఓసారి చదువుకుంటే ఒక సంగతి తట్టింది. ఆ సలహాల్లో చాలావాటి వెనకాల ఒక సంవత్సరం ఉంది. 1699, 1438, 1377, 1991. షీట్లో ఆ కాలమ్ పెట్టలేదు. ఆ కాలమే ఈ వ్యాసం.

మధ్యధరా సముద్రంలో ఒక పాయ ఏడ్రియాటిక్. దాని తూర్పు ఒడ్డున, బండరాతి మీద కట్టిన ఊరు డుబ్రోవ్నిక్. పాతపేరు రగూసా. 1808లో నెపోలియన్ సేనాని మార్మోన్ రద్దు చేసేదాకా అదొక చిన్న గణతంత్రం. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' చూసినవాళ్ళకి కింగ్స్ లాండింగ్ అంటే ఇదే. మావాడికి తెలిసింది కూడా అంతే.

దారి

నేను వెళ్ళింది 2019 సెప్టెంబరులో. స్ప్లిట్ నుంచి బస్సు. సముద్రం పక్కనే దారి, కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే చాలు అనుకున్నాను. మధ్యలో బస్సు ఆగింది. పోలీసు ఎక్కి పాస్‌పోర్టులు అడిగాడు. కొద్ది కిలోమీటర్లు వెళ్ళామో లేదో, మళ్ళీ ఆగింది, మళ్ళీ పాస్‌పోర్టులు. బస్సులో అందరివీ చకచకా చూసి ఇచ్చేశారు. నా భారతీయ పాస్‌పోర్టు మాత్రం పేజీ పేజీ తిప్పారు. వెనక సీట్ల వాళ్ళు నావైపే చూస్తున్నారు. నా దగ్గరున్న షెంగెన్ వీసా ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశానికి పనికొచ్చేది కాబట్టి గట్టెక్కాను.

ఆ ముక్క పేరు నెయుమ్. బోస్నియా దేశానికి సముద్రం తగిలే చోటు అదొక్కటే. క్రొయేషియా తీరాన్ని రెండుగా కోసేస్తూ అది అక్కడెందుకుంది? రగూసాకి వెనిస్ అంటే భయం. సముద్ర వ్యాపారంలో పోటీదారు, పక్కనే దాని భూములు. 1699లో కార్లోవిట్జ్ సంధి జరిగినప్పుడు, వెనిస్ సరిహద్దు తన సరిహద్దుని తాకకుండా ఉండాలని రగూసా తన నేలలోంచి ఉత్తరాన నెయుమ్‌ని, దక్షిణాన సుతోరీనాని ఆటోమాన్ తుర్కులకి పోనిచ్చింది. ఇంటికి రెండువైపులా కంచె వేయడానికి పొరుగువాడికి రెండు సెంట్లు రాసిచ్చినట్టు. వెనిస్ గణతంత్రం పోయింది, రగూసా పోయింది, ఆటోమాన్ సామ్రాజ్యమూ పోయింది. గీత మాత్రం మిగిలింది. 320 ఏళ్ళ తర్వాత ఆ గీత మీద బస్సులో కూర్చుని నాకు చెమటలు పట్టాయి.

2022 జులైలో పెల్యెషాత్స్ వంతెన తెరిచారు. ఇప్పుడు నెయుమ్‌లోకి వెళ్ళకుండానే డుబ్రోవ్నిక్ చేరొచ్చు. 2023 జనవరి 1 నుంచి క్రొయేషియా షెంగెన్‌లో చేరింది, యూరోలే చెల్లుతాయి. అయినా టికెట్టు కొనేముందు బస్సు వంతెన మీదుగా వెళ్తుందో, నెయుమ్ మీదుగా వెళ్తుందో అడగమని మావాడికి రాశాను. సింగిల్ ఎంట్రీ వీసా ఉన్నవాళ్ళకి ఆ ప్రశ్న ఇప్పటికీ అవసరమే.

పెట్టె

పాత ఊరి మధ్యలో స్ట్రాదున్ అనే వెడల్పాటి రాతివీధి ఉంది. ఒకప్పుడు అక్కడ నీటిపాయ ఉండేదట, పూడ్చి వీధి చేశారు. జనం కాళ్ళకింద అరిగి అరిగి ఆ రాయి నూనె రాసినట్టు మెరుస్తుంది. వాన పడితే జారుతుంది, కాబట్టి మంచి చెప్పులు కావాలి. ఆ వీధికి రెండు పక్కలా ఒకే ఎత్తులో, ఒకే పోలికలో ఉండే ఇళ్ళు 1667 ఏప్రిల్ 6 భూకంపం తర్వాత కట్టినవి. ఆరోజు వేలమంది చచ్చిపోయారు, ఊరిని ఏలే రెక్టర్ కూడా. మిగిలినవాళ్ళు ఊరు వదిలిపోకుండా, ఒక పద్ధతి ప్రకారం మళ్ళీ కట్టుకున్నారు.

స్ట్రాదున్ నుంచి ఉత్తరంవైపు సందులన్నీ మెట్లే. అద్దెగదుల ప్రకటనల్లో "స్ట్రాదున్‌కి రెండు నిమిషాలు" అని ఉంటుంది. ఆ రెండు నిమిషాలు నిలువుగా. నేను రాత్రి పదకొండింటికి చేరాను. చక్రాల పెట్టెని మెట్టు మెట్టుకీ టకటకమనిపిస్తూ లాక్కుంటూ పోయాను. తెల్లారి కింది అంతస్తు పెద్దావిడ గుమ్మంలో నిలబడి ఉంది. నాకు ఆవిడ భాష రాదు, ఆవిడకి ఇంగ్లీషు రెండు ముక్కలు. కోప్పడలేదు. పక్కనున్న కూరగాయల సంచీని నేలమీద ఈడ్చి చూపించింది, తల అడ్డంగా ఊపింది. తర్వాత అదే సంచీని చేత్తో ఎత్తి చూపించి, తల నిలువుగా ఊపింది. నాకు సిగ్గేసింది.

2023లో ఆ ఊరి పాలకులు పర్యాటకుల కోసం తీసిన ఒక వీడియోలో అచ్చంగా ఈ మాటే ఉంది, పెట్టె ఎత్తుకుని నడవమని. ప్రపంచమంతా మాత్రం "చక్రాల పెట్టెలు నిషేధించారు" అని వార్త పాకిపోయింది. నిషేధం కాదు, సలహా. (చొక్కా లేకుండా పాత ఊళ్ళో తిరిగితే మాత్రం నిజంగానే జరిమానా ఉంది.) పెద్ద సామాను ఉన్నవాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళు లాపాద్‌లోనో, గ్రూజ్‌లోనో దిగి సిటీ బస్సులో పిలే ద్వారం దాకా రావడం మంచిది.

నీళ్ళు, గోడ

పిలే ద్వారం దాటగానే ఒక పెద్ద గుండ్రటి రాతి కట్టడం, చుట్టూ పదహారు ముఖాల నోళ్ళలోంచి నీళ్ళు. ఒనోఫ్రియో ఫౌంటెన్ అంటారు. ఇటలీ నుంచి వచ్చిన ఒనోఫ్రియో అనే ఇంజనీరు 1438 ప్రాంతంలో దాదాపు 12 కిలోమీటర్ల అవతలి కొండఊటల నుంచి కాలవ కట్టి తెచ్చిన నీళ్ళు. ఇప్పటికీ తాగొచ్చు. సీసా వెంట ఉంచుకుంటే నీళ్ళు కొనక్కర్లేదు. శాకాహారులకి ఒక మాట. నల్ల రిసొట్టో చూసి నువ్వులో, మినుములో అనుకోకండి. ఆ నలుపు సముద్రజీవి సిరా. ఆకుకూర, బంగాళాదుంప కలిపి చేసే బ్లిత్వ అడగండి, చేపతో కాకుండా విడిగా ఇమ్మని చెప్పండి.

కోటగోడ చుట్టుకొలత 1940 మీటర్లు. నీడ ఉండదు. పొద్దున్న తెరవగానే ఎక్కండి, లేదంటే సాయంత్రం. టికెట్టు ఖరీదే. మ్యూజియంలు, బస్సులు కలిపి ఇచ్చే సిటీ పాస్ ధరతో పోల్చి చూసుకుని కొనండి. ఇవన్నీ ఎవరైనా చెప్తారు. నేను షీట్లో అదనంగా రాసింది ఒకటుంది: గోడమీంచి సముద్రాన్ని కాసేపు వదిలేసి ఇళ్ళ కప్పులు చూడు. కొన్ని పెంకులు వెలిసిపోయి, లేత పసుపూ గోధుమరంగూ కలిసినట్టుంటాయి. ఎక్కువభాగం మాత్రం ఎర్రటి నారింజరంగు, కొత్తవి. 1991 అక్టోబరులో యుగోస్లావ్ సైన్యం ఈ ఊరిని ముట్టడించింది. డిసెంబరు 6న పాత ఊరి మీద గుళ్ళ వాన కురిసింది. 824 కట్టడాల్లో 563కి దెబ్బలు తగిలాయి. 1979 నుంచీ యునెస్కో జాబితాలో ఉన్న ఊరు ఇది, ఆ గుర్తింపు గుండుని ఆపలేదు. మనం ఫొటోల్లో "ఎంత అందమైన ఎర్రకప్పులో" అని మురిసిపోయేది ఆ దెబ్బల మీది కట్టునే.

గుమ్మం

నా షీట్లో అన్నిటికన్నా పొడుగు వరస ఇది: ఆరోజు ఎన్ని విహారనౌకలు వస్తున్నాయో ముందే చూసుకో, వాళ్ళు ఊళ్ళో ఉండే పగటివేళ నువ్వు లోక్రుమ్ ద్వీపానికో, లాపాద్ ఒడ్డుకో వెళ్ళిపో. ఒక్కో నౌక వేలమందిని దించుతుంది. పిలే ద్వారం దగ్గర కదలడానికి చోటుండదు. 2019లో ఊరి పాలకులు నౌకా కంపెనీల సంఘంతో ఒప్పందం చేసుకుని, ఒకేసారి రెండు నౌకలు, 4000 మంది అనే హద్దు పెట్టుకున్నారు. గుమ్మం మూసెయ్యలేదు, బార్లా తెరిచీ ఉంచలేదు. లెక్కపెట్టి పంపుతున్నారు.

ఈ తెలివి ఆ ఊరికి కొత్త కాదు. 1348లో ప్లేగు వచ్చినప్పుడు రగూసా ఘోరంగా దెబ్బతింది. అప్పట్లో మిగతా ఊళ్ళకి తోచిన దారులు రెండే, పారిపోవడం లేదా తరిమెయ్యడం. 1374లో మిలాన్ ఏలిక బెర్నబో విస్కోంతి, రోగుల్ని ఊరి బయట పొలాల్లోకి పంపెయ్యమని, అక్కడే బతకనీ చావనీ అని ఆజ్ఞ వేశాడు. రగూసాకి తలుపు మూసే వీల్లేదు. బండరాతి నేల, తిండిగింజలు కూడా బయటనుంచే రావాలి. వ్యాపారి రాకపోతే పస్తు, వస్తే చావు. 1377 జులైలో వాళ్ళ మహాసభ మూడోదారి కనిపెట్టింది. ప్లేగున్న చోట్ల నుంచి వచ్చేవాళ్ళెవరైనా మర్కాన్ అనే చిన్న ద్వీపంలోనో, పక్కనున్న త్సవ్తాత్‌లోనో ఒక నెల గడిపాకే ఊళ్ళోకి రావాలి. మన ఊరివాడే అయినా, అనుమతి లేకుండా వాళ్ళని చూడ్డానికి వెళ్తే అతనూ నెలరోజులు అక్కడే ఉండాలి. రోగం ఉన్నట్టు తేలినవాళ్ళకే కాదు, లేనట్టు కనబడే అందరికీ ఇదే నియమం. అదే అందులోని కొత్తదనం. తర్వాత ఇతర రేవుల్లో ఆ ముప్పై రోజులు నలభై అయ్యాయి. ఇటాలియన్‌లో నలభై అనే మాటనుంచే క్వారంటైన్ వచ్చింది.

తూర్పున ప్లోచే ద్వారం బయట లాజరెత్తి అనే పొడవాటి హాళ్ళ వరస ఉంది. పదిహేడో శతాబ్దపు మొదటి సగంలో పూర్తయిన క్వారంటైన్ భవనాలు. తుర్కు దేశాల నుంచి గుర్రాల బిడారుల్లో వచ్చే వ్యాపారులూ వాళ్ళ సరుకులూ అక్కడ ఆగేవి. ఇప్పుడక్కడ ప్రదర్శనలు జరుగుతున్నాయి. నేను వెళ్ళినప్పుడు తలుపు తీసి ఉంది, ఐదు నిమిషాలు చూసి ఫొటో తీసుకుని ఐస్‌క్రీమ్ కోసం వెళ్ళిపోయాను.

ఆరునెలలు తిరక్కుండానే, 2020 మార్చిలో, ఆఫీసు పనిమీద విదేశం వెళ్ళి హైదరాబాద్‌లో దిగాను. పద్నాలుగు రోజులు ఇంట్లోనే ఉండాలన్నారు. తలుపుకి కాగితం అంటించారు. పై ఫ్లాట్ ఆంటీ, నాకు చిన్నప్పటినుంచీ తెలిసినావిడ, లిఫ్ట్ వాడొద్దని అమ్మకి ఫోన్‌చేసి చెప్పింది. అమ్మ ఏడ్చింది, "మనల్ని అంటరానివాళ్ళని చేశారురా" అంది. మూడోరోజు తలుపు తీస్తే గుమ్మం బయట స్టూలు మీద స్టీలు గిన్నెలో పప్పు, మూత మీద రెండు అరటిపళ్ళు. ఆవిడే పెట్టి వెళ్ళింది. గిన్నె తిరిగివ్వద్దంది. పద్నాలుగు రోజులూ రోజు విడిచి రోజు ఏదో ఒకటి వచ్చేది. ఆవిడకి మేమంటే భయమూ నిజమే, మామీద దయా నిజమే. అప్పుడు గుర్తొచ్చింది లాజరెత్తి. ఐస్‌క్రీమ్ తొందరలో నేను చూడకుండా వచ్చేసింది అదే. పరాయివాణ్ణి తరిమెయ్యకుండా, తాను చావకుండా, రెంటినీ ఒకేచోట ఇమిడ్చేలా కట్టిన గదులు.

రగూసాని పొగడాలని కాదు. అక్కడ ఓటుహక్కు కొన్ని కులీన కుటుంబాలదే. ఆటోమాన్ సుల్తానుకి 1481 నుంచి ఏటా 12,500 డుకాట్ల కప్పం కట్టి తెచ్చుకున్న స్వేచ్ఛ వాళ్ళది. చివరికి వాళ్ళని ముంచింది కూడా గుమ్మమే. 1806 మేలో ఫ్రెంచి సైన్యం వచ్చి, కాస్త సేదతీరి ముందుకి పోతాం అంది. తలుపు తీశారు. లోపలికొచ్చిన సైన్యం మళ్ళీ కదల్లేదు. రెండేళ్ళలో గణతంత్రమే లేదు.

ఇప్పుడు వచ్చేవాళ్ళ దగ్గర తుపాకులు లేవు, క్రెడిట్ కార్డులున్నాయి. 1991 నాటికి గోడల లోపల ఐదువేలమంది దాకా కాపురముండేవాళ్ళు. ఇప్పుడు రెండువేలు కూడా లేరు. ఇళ్ళన్నీ మనలాంటివాళ్ళ కోసం గదులైపోతున్నాయి. నేను దిగిన మేడలో ఆ పెద్దావిడ తప్ప, మెట్ల మీద నాకు ఎదురైనవాళ్ళంతా పెట్టెలతోనే ఉన్నారు.

మావాడికి పన్నెండు వరసల కింద పదమూడోది చేర్చి పంపాను. "ఆ మెట్లమీద ఇంకా ఎవరో ఒకరు కాపురముంటున్నారని గుర్తుపెట్టుకో. పెట్టె చేత్తో మొయ్యి." వాడు బొటనవేలి బొమ్మ ఒకటి పంపాడు. నాకైతే, వచ్చేటప్పుడు ఆ పెద్దావిడ పేరైనా అడగలేదే అని ఇప్పటికీ ఉంది.