మంగుళూరు పెంకు: ఒక పరిశ్రమ వృద్ధిక్షయములు

తెలుగునాట పాత ఇండ్లను పేర్కొనునపుడు గూనపెంకుటిల్లు, మంగుళూరు పెంకుటిల్లు అని రెండు మాటలు వినబడుచుండును. గూనపెంకు మన కుమ్మరి సారెపై పుట్టినది. మంగుళూరు పెంకు యంత్రముచే అచ్చొత్తబడినది. ఒక పట్టణము పేరు వస్తువునకు సంక్రమించి, ఆ పట్టణమును కన్నెరుగనివారి నోట సైతము నిలిచిన విధమును ఈ వ్యాసమున విచారింపదలచితిమి.

స్విట్జర్లండునందలి బాసెల్ నగరమున 1815లో ఏర్పడిన బాసెల్ మిషను 1834లో మంగుళూరున తన పని ప్రారంభించెను. క్రైస్తవమతము పుచ్చుకొన్నవారికి తొలి చిక్కు కూటిచిక్కే. కులమునుండి వెలివేయబడుటతో పలువురికి కులవృత్తియు, నిలువనీడయు పోయెను. వారికి జీవనాధారము చూపనిదే మిషను నిలువజాలదు. అందుచే పెక్కు వృత్తులు ప్రయత్నింపబడినవి. వానిలో నేత, అచ్చు, పెంకుపని వేళ్ళూనినవి.

ఈ అచ్చుపనికిని పెంకుపనికిని గల సంబంధము భాషాధ్యయనపరులకు ఆసక్తికరము. 1843లో కన్నడమున తొలి వార్తాపత్రికయగు 'మంగళూరు సమాచార'ను వెలువరించినదియు, 1894లో కిట్టెల్ కన్నడ నిఘంటువును ముద్రించినదియు ఈ మిషను ముద్రాలయమే. ఆ ముద్రాలయపు పనికై 1851లో వచ్చిన జార్జి ప్లెబ్‌స్ట్ అనెడి జర్మను యంత్రజ్ఞుడే 1865లో నేత్రావతీతీరమున, జెప్పువద్ద, పెంకుల కర్మాగారమును నెలకొల్పెను.

పెంకు ఆకృతి మాత్రము మంగుళూరిది కాదు. ఒకదానిలో నొకటి ఇమిడెడి గాడిపెంకును ఆల్సేసు ప్రాంతమునందలి గిలార్దోనీ సోదరులు 1841లో రూపొందించిరి. మంగుళూరు సమకూర్చినది మన్ను, కట్టె, నది, కూలి. నదీతీరపు బంకమన్ను పడవలపై వచ్చెను. సహ్యాద్రి అడవులు కట్టెల నిచ్చెను. కాలిన పెంకు సముద్రముమీదుగా దూరదేశములకు పోయెను. గూనపెంకును పొరలుగా పరచి, వానకాలమునకు ముందు తిరిగి నేయింపవలయును. గాడిపెంకు ఒకే పొర. వాసములపై బరువు తక్కువ. పగిలినదానిని మాత్రము తీసి మరొకటి ఇమిడ్చిన చాలును. గృహస్థునకు ఇది గొప్ప సౌకర్యము. కుమ్మరికి మాత్రము ఒక జీవనాధారము సన్నగిల్లెను. ఒకచోట వృత్తి కోల్పోయినవారికి అన్నము పెట్టిన పరిశ్రమ వేరొకచోట వృత్తిని హరించినది.

1914 నాటికి మిషనుకు మంగుళూరున రెండు, మల్పేలో ఒకటి, మలబారున నాలుగు, వెరసి ఏడు పెంకుల కర్మాగారము లుండెను. దేశీయులును ఇదే పద్ధతిపై పోటీ కర్మాగారములు స్థాపించిరి. ఇచ్చట ఒక విషయము దాచరాదు. పని ఇచ్చువాడును, ఇల్లు చూపువాడును, ధర్మము బోధించువాడును ఒక్కడే యైనపుడు కార్మికుని స్వేచ్ఛ ఎంతటిది? పనికై మతము మారుచున్నారేమో అను శంక మిషనువారినే బాధించెను. మొదటి ప్రపంచయుద్ధమున జర్మనులు నిర్బంధింపబడిరి. యుద్ధానంతరము కర్మాగారములు కామన్వెల్తు ట్రస్టు అను బ్రిటిషు సంస్థకు సంక్రమించెను. ఆ విధముగా పనికిని ప్రార్థనాలయమునకును గల ముడి వీడినది.

క్షయమునకు సిమెంటు కప్పే కారణమని సామాన్యముగా అందురు. అది సగము నిజము. ఇంటిమీద ఇల్లు లేపుటకు సిమెంటు కప్పు అనుకూలము. పెంకు కప్పునకు ఆ వీలు లేదు. కాని ఏ నాలుగు వనరులపై పరిశ్రమ లేచెనో అవియే దానిని విడిచినవని మా అభిప్రాయము. త్రవ్విన బంకమన్ను తిరిగి రాదు. అడవి కట్టె అరుదై ప్రియమైనది. కూలి సహజముగనే పెరిగినది. నదిపై పడవలకు బదులు దారులపై లారీలు వచ్చినవి. ఇరవయ్యవ శతాబ్ది చివరి దశాబ్దములనుండి పెక్కు కర్మాగారములు మూతపడినవి.

నేడు పాత ఇండ్లు కూల్చునపుడు మంగుళూరు పెంకులను ఏరి, మరల కొనువారు కలరు. కర్మాగారము పోయినను పెంకు పనిచేయుచునే యున్నది, పేరును నిలిచియున్నది. అయితే ఆ కప్పును నేసిన పనివారి మాటలు మాత్రము వారితోనే పోవుచున్నవి. పరిశోధక విద్యార్థులు గ్రంథాలయములతోపాటు ఆ వృద్ధుల ముంగిళ్ళకును పోయి, వానిని సేకరింతురని ఆశించుచున్నాము.