వావిలాకు ఆవిరి

పట్టిసీమ రేవులో పడవ ఎక్కి వీరభద్రస్వామి కొండకు పోయేవారి చేతుల్లో మారేడు దళాలుంటాయి. ఒక దళాన్ని ఎండకు ఎదురుగా పట్టి చూడండి. ఆకునిండా సూదిమొనంత కాంతిచుక్కలు కనిపిస్తాయి. అవి నూనె తిత్తులు. నిమ్మకూ, కరివేపాకుకూ అవే చుక్కలు. మూడూ ఒకే కుటుంబం. మారేడాకు తైలంలో సాధారణంగా విశేషంగా కనిపించే లిమొనీనే నారింజ తొక్కలోనూ ఉంది.

వినాయకచవితి ఇరవైయొక్క పత్రులలో వాసన గలవి మాచిపత్రి, మారేడు, తులసి, మరువం, వావిలి వంటి కొన్నే. పూజాకల్పంలో వావిలి పేరు సింధువారం, వైద్యగ్రంథాలలో నిర్గుండి. నేను వ్రాయదలచినది దీనిని గురించే.

మా యింట వావిలికి మూడు వాడుకలు. అమ్మ దాని పసరును నువ్వులనూనెలో కాచి మోకాళ్ళకు రాసుకొనేది. పడిశం పడితే ఆకును మరిగించి, మాకు దుప్పటి కప్పి ఆవిరి పట్టించేది. సంధ్యవేళ పశువులపాకలో ఎండాకు పొగ వేసేది.

తైలమంటే తిలల నుండి పుట్టిన మాట అని తరగతిలో ఏళ్ళ తరబడి చెప్పి ఊరుకొన్నాను. ఆ మాట చాటున రెండు వేరువేరు ద్రవ్యాలున్నాయని ఆలస్యంగా తెలిసింది. నువ్వులనూనె కాగితంమీద పడితే మరక పోదు. ఆకులోని సుగంధతైలం ఎగిరిపోతుంది. పసరు కాచేటప్పుడు అందులో కొంత పొయ్యిమీదే గాలిపాలు. ఆవిరి పట్టినప్పుడు మాత్రం నేరుగా ముక్కుకు చేరుతుంది. వావిలిలోని కారియోఫిల్లీన్ ఒంటరిగా మరగాలంటే 200 డిగ్రీలు దాటాలి. నీటియావిరి తోడైతే 100 లోపే లేచి వస్తుంది. కన్నౌజు అత్తరువారి రాగిపాత్రలో జరిగేదీ, అమ్మ కుండలో జరిగేదీ ఇదే. అమ్మ కుండకు గొట్టమూ, ఆవిరిని చల్లార్చే పాత్రా లేవు, అంతే తేడా.

ఈ నూనెల గుట్టు విప్పినవారిలో ముఖ్యుడు జర్మనీ రసాయనవేత్త ఒట్టో వాలాక్. బాన్ నగరంలో ఆచార్య కెకూలే బీరువాలో మూతయినా తీయకుండా పడివున్న నూనెసీసాలను అడిగి తీసుకొని, 1884 నుండి వాటి సంగతి వరుసగా ప్రకటించాడు. 1910లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ దారిన నడిచినవారే వావిలి తైలంలో సబినీన్, కారియోఫిల్లీన్, విరిడిఫ్లొరాల్ వంటివి గుర్తించారు. నేల మారితే పాళ్ళు మారుతాయి. తులసికీ అంతే: ఒక మొక్కలో యూజినాల్, మరొకదానిలో మిథైల్ యూజినాల్ పైచేయి. సీసామీది పేరు చూసి గుణం చెప్పేవారిని నేను నమ్మను.

1986 ఆగస్టులో గోదావరి మహావరద తీసిన తరువాత మా పెద్దవాడికి చలిజ్వరం తగిలింది. అమ్మ ఆవిరి పట్టించింది. ముక్కు తేలికపడింది, జ్వరం మాత్రం రోజు విడిచి రోజు వస్తూనే ఉంది. నిర్గుండి జ్వరాన్ని హరిస్తుందని చదివినవాణ్ణి కనుక నేను వారించలేదు. అయిదవనాడు రక్తపరీక్షలో మలేరియా అని తేలింది. క్లోరోక్విన్ మాత్రలతో తగ్గింది. ఆలస్యం అమ్మది కాదు, చదువుకొన్న నాది.

వావిలి తైలానికి దోమలను తరిమే గుణమూ, వాటి పిల్లలను చంపే గుణమూ ఉన్నట్లు ప్రయోగశాలలలో చూశారు. అంటే మా యింట ఆ ఆకు పనికివచ్చిన చోటు పాక. గేదెలకు పొగవేసి, పిల్లవాణ్ణి దోమలకు వదిలామన్నమాట.

మలేరియాకు మందు దొరికింది మాచిపత్రి దాయాది అయిన చీనా మొక్కలో. ఆకును నీట నానబెట్టి పిండి ఆ రసం త్రాగమని 4వ శతాబ్ది వైద్యుడు గే హోంగ్ వ్రాశాడు, మరిగించమనలేదు. ఆ ఒక్క వాక్యం పట్టుకొని తూ యూయూ వేడి తగ్గించి, ఈథర్‌తో సారం తీసింది. 1972లో ఆర్టెమిసినిన్ వేరుపడింది, 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. అది ఎగిరిపోయే నూనె కాదు. మన పూజలోని మాచిపత్రిలో అది చెప్పుకోదగినంత లేదు కూడా.

అమ్మ ఇవేమీ వినలేదు. కాని ఆ యేటినుండి పొగకుండను ముందుగా పిల్లల మంచాల చుట్టూ తిప్పి, ఆ తరువాతే పాకకు తీసుకుపోయేది.