మాల్టాను నీటి మీంచి చూడాలి

మాల్టాలో విమానం దిగినవాళ్లకు మొదట కనిపించేవి తేనెరంగు రాళ్లూ, ఇరుకు రోడ్లూ. చెప్పుకోదగ్గ నది లేదు, అడవి లేదు. మాల్టా, గోజో, వాటి మధ్య చిన్నది కొమీనో, ఇంకొన్ని బండరాళ్లు, అన్నీ కలిపినా 316 చదరపు కిలోమీటర్లే. ఇంత చిన్న చోటు కోసం ఫినీషియన్ల నుంచి బ్రిటిష్‌వాళ్ల దాకా అందరూ ఎందుకు ఎగబడ్డారో ఒడ్డున నిలబడితే బోధపడదు. పడవెక్కి గ్రాండ్ హార్బర్‌లోకి వెళ్లాలి.

అక్కడ సముద్రం రాతినేలను చీల్చుకుని లోపలికి చొచ్చుకొచ్చింది. ఒక పక్క నుంచి చేతివేళ్లలా చిన్న చిన్న పాయలు ఊళ్ల మధ్యకి దూరాయి. నీళ్లు లోతు. ఎంత తుపాను రేగినా ఓడలకు లోపల నీడ దొరుకుతుంది. ఉత్తరాన సిసిలీ, దక్షిణాన ఆఫ్రికా. మధ్యధరా సముద్రంలో తూర్పు పడమరల మధ్య తిరిగే ఓడలు ఈ చుట్టుపక్కల నుంచే పోవాలి. ఈ రేవు ఎవరి చేతిలో ఉంటే ఆ దారి మీద వాళ్లదే కాపలా.

1565లో ఒట్టోమన్ నౌకాదళం ఇక్కడికి వచ్చింది అందుకే. అంతకు నలభై ఏళ్ల కిందట అదే ఒట్టోమన్లు రోడ్స్ దీవి నుంచి తరిమేసిన క్రైస్తవ సైనిక సంఘం, సెయింట్ జాన్ వీరులు, అప్పటికి ఇక్కడ స్థిరపడి ఉన్నారు. దీవిని వాళ్లకిచ్చిన చక్రవర్తి ఐదో చార్లెస్ అడిగిన కప్పం ఏటా ఒక డేగ. మే నెలలో వేలాదిమంది ఒట్టోమన్ సైనికులు దిగి ముందుగా రేవు మొగలో ఉన్న సెయింట్ ఎల్మో కోట మీద పడ్డారు. కొద్ది రోజుల్లో పడిపోతుందనుకున్న ఆ చిన్న కోట దాదాపు నెల రోజులు నిలిచింది. జూన్ 23న అది కూలేనాటికి ఒట్టోమన్ల పక్షాన పేరుమోసిన నావికుడు తుర్గుత్ రయీస్ ప్రాణం పోయింది. ఎదుటి ఒడ్డున బిర్గు, సెంగ్లియా ఊళ్లు మాత్రం లొంగలేదు. వాటి మధ్య నీటి పాయకు అడ్డంగా పెద్ద ఇనుప గొలుసు కట్టారు. గోడలు కూలితే స్థానిక జనం, ఆడవాళ్లతో సహా, రాళ్లు మోసి పూడ్చారు. ఈ కథలో వీరుల పేర్లే ఎక్కువ వినిపిస్తాయి గానీ, భారం మోసింది ఈ మామూలు జనమే. సెప్టెంబరులో సిసిలీ నుంచి సాయం రావడంతో ముట్టడి ముగిసింది.

శత్రువు ఏ గుట్ట మీద ఫిరంగులు నిలిపి ఎల్మోను కొట్టాడో, ఆ గుట్ట మీదే మరుసటి ఏడాది మార్చి 28న కొత్త నగరానికి శంకుస్థాపన చేశారు. వీరుల అధిపతి, గ్రాండ్ మాస్టర్ లా వాలెట్ పేరిట అది వాలెట్టా అయింది. తిన్నగా గీత గీసినట్టున్న దాని వీధుల చివర ఎటు చూసినా సముద్రమే. అక్కడి సెయింట్ జాన్ కేథడ్రల్ ప్రార్థనామందిరంలో కరవాజియో 1608లో వేసిన బాప్తిస్మమిచ్చు యోహాను శిరచ్ఛేదం ఉంది. ఆ చిత్రకారుడు ఒక గొడవలో చెరసాల పాలై తప్పించుకుపోతే, వీరులు ఆ చిత్రమున్న గదిలోనే సమావేశమై ఆయన్ని తమ సంఘం నుంచి వెలివేశారు.

తర్వాత బ్రిటిష్ పాలన కాలంలో మనవాళ్లూ ఈ రేవు చూశారు. 1878లో రష్యాను బెదిరించడానికి బ్రిటన్ సుమారు ఏడువేల మంది భారత సైనికుల్ని సూయజ్ మీదుగా ఇక్కడికి తెచ్చింది. వాళ్లలో మద్రాసు సాపర్లున్నారు. మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు తరతరాలుగా ఉన్నవాళ్లే కాబట్టి, ఈ గట్ల మీద తెలుగు మాట వినబడే ఉంటుందని నా నమ్మకం.

1942 ఆగస్టులో ఈ రేవుకు అన్నిటికన్నా పెద్ద పరీక్ష వచ్చింది. జర్మన్, ఇటాలియన్ బాంబుల కింద దీవి ఆకలితో అలమటిస్తోంది. దీవికి సాయంగా బయల్దేరిన పద్నాలుగు సరుకు ఓడల్లో చేరినవి ఐదే. ఆఖరిది ఒహాయో అనే చమురు ఓడ. నడుం విరిగి మునిగేలా ఉంటే రెండు పక్కలా యుద్ధనౌకలు ఆనుకుని మోసుకొచ్చాయి. అది రేవు చేరిన ఆగస్టు 15 అక్కడ మరియమాత పండుగ. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే బ్రిటన్ రాజు దీవి మొత్తానికి ఇచ్చిన జార్జ్ క్రాస్ ఇప్పటికీ మాల్టా జెండా మీద ఉంది.

గోజోకు ఫెర్రీలో అరగంట కూడా పట్టదు. ఈజిప్టు పిరమిడ్ల కన్నా పాతవైన జిగాంతియా రాతి ఆలయాలూ, ఎర్రమట్టి రంగు ఇసుకతో రమ్లా తీరమూ అక్కడివే. కొమీనోలోని బ్లూ లగూన్ నీళ్లు నిజంగానే అద్భుతం, కానీ ఎండాకాలం మధ్యాహ్నం అక్కడ కాలు పెట్టే చోటుండదు. పొద్దున్నే వెళ్లాలి.

ఎప్పుడు వెళ్లాలంటే సెప్టెంబరు అంటాను. నీళ్లు వెచ్చగా ఉంటాయి, ఎండ కాస్త తగ్గుతుంది. ముట్టడి ముగిసిన గుర్తుగా 8వ తేదీన గ్రాండ్ హార్బర్‌లో తెడ్ల పడవల పందెం పెడతారు. బిర్గు, సెంగ్లియా జట్లూ అందులో తలపడతాయి. తెరచాపల మీద మనసున్నవాళ్లు అక్టోబరుకు ఆగొచ్చు. 1968లో మొదలైన మిడిల్ సీ రేసు పడవలు ఇదే రేవు నుంచి బయల్దేరి, స్ట్రాంబోలీ అగ్నిపర్వతం పక్కగా సిసిలీని చుట్టి, 606 నాటికల్ మైళ్లు తిరిగి మళ్లీ మాల్టా చేరతాయి.