వెబ్ సుగమ్యత

చూపు, వినికిడి, కదలిక, గ్రహణశక్తిలో ఇబ్బందులున్నవారు కూడా వెబ్‌సైటును మరొకరి సాయం లేకుండా వాడుకోగలిగేలా తయారుచేయడాన్ని వెబ్ సుగమ్యత అంటారు. బొమ్మ కోడులో దాని వివరణను మాటల్లో రాయడం, వీడియోకు క్యాప్షన్లు ఇవ్వడం, మౌస్ లేకుండా కీబోర్డుతోనే పనంతా జరిగేలా చూడడం, ఫారంలో ప్రతి గడికీ పేరు పెట్టడం ఇందులో ముఖ్యమైనవి.

తెర మీది అక్షరాలను గొంతుతో చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు వెబ్ కన్నా ముందే పుట్టాయి. జిమ్ థాచర్ రూపొందించిన ఐబీఎం స్క్రీన్ రీడర్ 1986లో వచ్చింది. ప్రమాదంలో చూపు కోల్పోయిన మోటార్‌సైకిల్ రేసర్ టెడ్ హెంటర్ సంస్థ 1989లో జాస్‌ను విడుదల చేసింది. అప్పట్లో డాస్ తెర నిండా అక్షరాలే కాబట్టి వాటిని చదివించడం తేలిక. 1993లో మొజాయిక్ బ్రౌజర్ రాతతో పాటే బొమ్మలనూ చూపించడంతో చిక్కు మొదలైంది. బొమ్మకు బదులు చదవాల్సిన మాటలు రాసే ‘ఆల్ట్’ సౌకర్యం 1995 నాటి హెచ్‌టీఎంఎల్ 2.0లోనే ఉంది. దాన్ని నింపే ఓపికే కరువైంది.

ఈ చరిత్రలో చియెకో అసకావాకు ప్రత్యేక స్థానం ఉంది. ఈత కొలనులో తగిలిన దెబ్బ వల్ల పద్నాలుగేళ్లకే చూపు కోల్పోయిన ఆమె, ఐబీఎం టోక్యో పరిశోధనశాలలో పనిచేస్తూ 1997లో హోమ్ పేజ్ రీడర్‌ను తెచ్చారు. మామూలు రాతను మగ గొంతు, లింకులను ఆడ గొంతు చదివేవి. ఏది నొక్కాలో చెవికే తెలిసిపోయేది. వాడేవారే తయారుచేస్తే ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

అదే ఏడాది వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ సుగమ్యత కోసం ప్రత్యేక విభాగాన్ని ప్రారంభించింది. అది తయారుచేసిన డబ్ల్యూసీఏజీ 1.0 మార్గదర్శకాలు 1999 మే 5న వెలువడ్డాయి. 2008 నాటి రెండో రూపం సమాచారం ఇంద్రియాలకు అందాలని, వాడడానికి వీలుండాలని, అర్థం కావాలని, రకరకాల పరికరాల్లో నిలకడగా పనిచేయాలని నాలుగు సూత్రాలు పెట్టింది. మామూలు సైజు అక్షరానికీ దాని వెనక రంగుకూ మధ్య కాంట్రాస్టు కనీసం 4.5:1 ఉండాలన్న కొలత దీనిలోదే. 2018లో 2.1, 2023లో 2.2 వచ్చాయి.

మార్గదర్శకాలు ఉన్నంత మాత్రాన ఎవరూ కదలలేదు. కదిలించింది ఫిర్యాదులు. సిడ్నీ ఒలింపిక్స్ సైటులో బొమ్మలకు వివరణలు లేవని, ఫలితాల పట్టికలు తనకు అందడం లేదని బ్రెయిలీ డిస్‌ప్లేతో చదివే బ్రూస్ మగ్వైర్ 1999లో ఆస్ట్రేలియా మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. సరిచేయడం తలకు మించిన ఖర్చని నిర్వాహకులు వాదించారు. చిన్న బృందం చేస్తే కొద్ది వారాల పనేనని అవతలి పక్షం నిపుణులు తేల్చారు. 2000 ఆగస్టులో కమిషన్ మగ్వైర్ పక్షాన తీర్పిచ్చింది. ఆదేశాన్ని పూర్తిగా అమలు చేయనందుకు నిర్వాహకులు ఆయనకు 20,000 ఆస్ట్రేలియన్ డాలర్ల పరిహారం చెల్లించాల్సి వచ్చింది. అమెరికాలో తన వెబ్‌సైటు మీద అంధుల జాతీయ సమాఖ్య వేసిన దావాను టార్గెట్ దుకాణాల సంస్థ 2008లో 60 లక్షల డాలర్లతో రాజీ చేసుకుంది.

స్క్రీన్ రీడర్ కొనలేనివారి కోసం ఆస్ట్రేలియాకు చెందిన మైఖేల్ కరన్ 2006లో ఉచిత ఎన్‌వీడీఏకు శ్రీకారం చుట్టారు. ఆయనా అంధుడే. దానితో వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగునూ పలుకుతుంది. అయితే తెలుగు పాఠకుడికి వేరే అడ్డంకి ఎదురైంది. 2000ల తొలినాళ్లలో చాలా తెలుగు పత్రికల సైట్లు ఎవరి ఫాంటు వారివిగా నడిచేవి. ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీద తెలుగు రూపాలు తొడిగిన ఫాంట్లవి. కంటికి తెలుగే కనిపించినా స్క్రీన్ రీడర్‌కు అర్థంలేని గుర్తుల వరసే దొరికేది. ప్రతి లిపి అక్షరాలకూ సొంత సంకేతాలిచ్చే యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగు ఉన్నా, సైట్లు దానికి మారాకే వార్తలు చెవికెక్కాయి.

భారతదేశం 2007లో ఐరాస వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని ఆమోదించింది. 2009లో ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శకాలు వచ్చాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రైవేటు సేవలనూ పరిధిలోకి తెచ్చింది. ఆ తర్వాత కూడా, కళ్లార్పి చూపిస్తేనే బతికున్నట్లు నమ్మే ఆన్‌లైన్ కేవైసీ వల్ల, కనురెప్పలు దెబ్బతిన్న యాసిడ్ దాడి బాధితురాలికి బ్యాంకు ఖాతా తెరవడం కష్టమైంది. ఆ బాధితురాలు ప్రజ్ఞా ప్రసూన్ వేసిన కేసులో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ అందుబాటును రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగంగా గుర్తించి, 20 ఆదేశాలిచ్చింది.

అయినా ప్రభుత్వ సైట్లలో సంతకం చేసిన కాగితాన్ని స్కాన్ చేసి బొమ్మగా పెట్టే అలవాటు ఇంకా పోలేదు. ఆ బొమ్మలో స్క్రీన్ రీడర్ చదవగల అక్షరం ఒక్కటీ ఉండదు. తెలుగులో ఉత్తర్వు, నోటిఫికేషన్, దరఖాస్తు ఏది పెట్టినా దాని పక్కనే యూనికోడ్ పాఠాన్నీ పెట్టాలి.