ఆంగ్లదేశపు టెలివిజను ప్రహసనములందు వర్గభేదప్రదర్శనము

భరతముని యభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము నని నాలుగు విధములుగ విభజించెను. పాత్రములను ఉత్తమ మధ్యమాధమ ప్రకృతులుగ నేర్పఱచి, హాసమును గూడ నా క్రమముననే యాఱు విధములుగఁ జెప్పెను. స్మితహసితము లుత్తములవి, విహసితోపహసితములు మధ్యములవి, అపహసితాతిహసితము లధములవి. నవ్వునకును అంతస్తు గలదని మన ప్రాచీను లెఱిఁగి యుండిరని దీనివలనఁ దేలుచున్నది. అయినను సంస్కృతరూపకములందుఁ బాత్రముయొక్క యంతస్తు ప్రధానముగ భాషచేతనే తెలియును. రాజు సంస్కృతము పలుకును. చేటి ప్రాకృతము పలుకును. చెవికిఁ దెలియు నీ భేదమును కంటికిఁ గట్టునట్లు చేసిన యాధునికరూపక మొకటి గలదు. అది యాంగ్లదేశపు టెలివిజను ప్రహసనము. 1962 మొదలు 2000 వఱకు నది త్రొక్కిన మార్గమును సంగ్రహముగఁ బరిశీలించుట యీ వ్యాసమున కుద్దేశము.

ఇచ్చట నొక ప్రశ్న పొడమును. ఆంగ్లదేశమున మనుష్యుని వర్గము వాని యుచ్చారణముననే తెలియునని ప్రసిద్ధి. అట్లయ్యు నీ రచయితలకు దృశ్యసాధనములతోఁ బని యేమి? సమాధానము ప్రదర్శనవిధానమునందే కలదు. ఈ ప్రహసనములందు భాగమొక్కటి యర్ధగంట నడచును. స్టూడియోలో మూఁడుగోడల గదిని నిర్మించి, నాలవగోడ యుండవలసిన వైపునఁ గెమెరాలను నిలిపి, వాని వెనుక మెట్లవరుసలపైఁ బ్రేక్షకులను గూర్చుండఁబెట్టి, వారి నవ్వును గూడఁ బ్రసారము చేయుట వాడుక. గది మాటిమాటికి మాఱదు. కావున తొలిక్షణముననే యందలి వస్తువులు, దుస్తులు, పాత్రములు నిలుచు తావులు కథకుఁ బీఠిక కావలసివచ్చెను.

దీనికి సూత్రప్రాయమైన యుదాహరణము 1966 ఏప్రిల్ 7వ తేదీన బి.బి.సి. వారి 'ది ఫ్రాస్ట్ రిపోర్ట్' అను కార్యక్రమమునఁ బ్రసారమైన చిన్న ఘట్టము. మార్టీ ఫెల్డ్‌మన్, జాన్ లా అనువారు దీనిని రచించిరి. ముగ్గురు నటులు మన కభిముఖముగ నొకే వరుసను నిలుచుందురు. జాన్ క్లీజ్ ఆఱడుగులకు మించిన పొడవరి. బౌలరు టోపీ ధరించి యున్నతవర్గమునకుఁ బ్రతినిధి యగును. రానీ బార్కర్ మధ్యమవర్గమువాఁడు, ఎత్తునను మధ్యముఁడే. రానీ కార్బెట్ అయిదడుగుల కించుక మించినవాఁడు. శ్రామికుల చదునైన గుడ్డటోపీతో నిలుచును. మొదటివాఁడు తక్కిన వారిని క్రిందికిఁ జూచును. నడిమివాఁ డొకవైపు పైకిని, వేఱొకవైపు క్రిందికిని జూచును. చివరివాఁడు పైకి మాత్రమే చూడవలెను. ఈ యేర్పాటువలనఁ దమకుఁ గలుగు ఫలమేమో ముగ్గురును దుదకుఁ జెప్పుదురు. మొదటివానికి ఆధిక్యభావము, రెండవవానికి ఆధిక్యమును న్యూనతయు రెండును, మూఁడవవానికి మెడనొప్పి. 'పైవారు', 'క్రిందివారు' అను మాటలలో మఱుగుపడిన రూపకమును నిజమైన శరీరప్రమాణముగ మార్చుటయే యిందలి చమత్కారము. అయితే యీ మువ్వురకు నిల్లు లేదు, సంసారము లేదు. వారు వర్గములే కాని వ్యక్తులు కారు.

ఇంటిని జూపిన ప్రహసన మంతకు నాలుగేండ్లు ముందే వెలసినది. అది రే గాల్టన్, ఆలన్ సింప్సనులు రచించిన 'స్టెప్టో అండ్ సన్' (1962). లండనులో గుఱ్ఱపుబండిపైఁ దిరుగుచుఁ బాతసామానులు సేకరించు తండ్రికొడుకుల కథ యిది. ఇతరులు పాఱవైచిన వస్తువులతో వారి గది క్రిక్కిఱిసి యుండును. ఒకనాఁడు కలవారి యింటి కలంకారమైనది యిచ్చటఁ జెత్తగఁ జేరును. కుమారుఁడు హారల్డు చదువు సంస్కారములు గడించి పైకి రాఁగోరును. ఆ సామానులే వానిని వెనుకకు లాగుచున్నట్లు తోఁచును. 1972లోఁ బ్రసారమైన యొక భాగమున నతఁడు తండ్రితో వేగలేక యింటిని నడిమికి విభజించి తిరుగుడుగేటును బెట్టించును. వర్గముల నడిమి సరిహద్దును పేదయింటిలోపలనే గీచి చూపుట యిందలి విశేషము. శ్రామికజనులు దీని నెంత యాదరించిరో యొక యుదంతము తెలుపుచున్నది. 1964 అక్టోబరు 15న సార్వత్రికపు టెన్నికల నాఁ డిది ప్రసారము కావలసియుండఁగా, తమ పక్షమువా రిండ్లు వీడి యోటు వేయరాకుందురేమో యని లేబరు పక్షనాయకుఁడు హారల్డ్ విల్సన్ బి.బి.సి. యధిపతియగు హ్యూ గ్రీన్‌ను గోరి దాని వేళను మార్పించెను.

'డాడ్స్ ఆర్మీ' (1968-77) పైఁ జెప్పిన కొలతనే తాఱుమాఱు చేసినది. ఇందు యుద్ధకాలపు దళమునకు నాయకుఁడు పొట్టివాఁడగు బ్యాంకు అధికారి. వాని క్రింది సార్జెంటు పొడవరి, ఉన్నతకులజుఁడు. అధికార మొకనిది, ఠీవి వేఱొకనిది. అలవోకగఁ బెట్టుకొన్న సార్జెంటు టోపీని జూచినంతనే యీ వైషమ్యము బోధపడును.

1990 మొదలు 1995 వఱకు నడచిన రాయ్ క్లార్కు రచన 'కీపింగ్ అప్ అపియరెన్సెస్' రెండిండ్లను ప్రక్కప్రక్కనఁ బెట్టి చూపినది. హయసింత్ అను గృహిణి, బొక్కెన యను నర్థముగల 'బకెట్' అను తన యింటిపేరును పుష్పగుచ్ఛమును దెలుపు 'బూకే' యని పలుకవలెనని పట్టుపట్టును. ఆమె యిచ్చు మేలిపింగాణి గిన్నెను బట్టుకొన్నంతనే పొరుగింటి యెలిజబెత్తు చేయి వణఁకును. ఆమె సోదరి యింటిముందో, చెడిపోయిన కారును, దానినుండి మొఱుగు కుక్కయుఁ గలవు. లోపల మఱఁది ఆన్‌స్లో చేతులులేని బనియనుతో సోఫాపైఁ జతికిలఁబడి టెలివిజను చూచుచుండును. వాఁడు తృప్తుఁడు, కావున నవ్వు హయసింతుపైనే పడును. అయినను ఆ యింటిని మన మామె కన్నులతోనే, గడప దాఁటుచు ముక్కు మూసికొన్నట్లు చూచుచున్నాము.

1998లో వెలువడిన 'ది రాయల్ ఫ్యామిలీ' యీ గడపను దొలఁగించినది. కారొలిన్ అహర్న్, క్రెయిగ్ క్యాష్ ప్రధానరచయితలు. మాంచెస్టరు శ్రామికకుటుంబ మొకటి సోఫాపైఁ గూర్చుండి టెలివిజను చూచుచు మాటలాడుకొనుటయే కథ. స్టూడియో ప్రేక్షకులు లేరు. వారి నవ్వును లేదు. ఆరంభమునఁ గెమెరా టెలివిజను పెట్టె యున్న చోటనుండియే వారిని జూచును. 1999 నాఁటి క్రిస్టమస్ భాగమునఁ బ్రసవవేదన మొదలైన కూఁతురును, ఎల్లప్పుడు మోటుమాట లాడు తండ్రి స్నానపుగదిలో నోదార్చును. ఎచ్చట నవ్వవలెనో చెప్పువారు లేనందున నిచ్చటఁ గన్నీరు పెట్టుటకును మనకుఁ దావు దొరకినది.

పని మాని టెలివిజను ముందుఁ గూర్చున్నవారిగ శ్రామికులను జూపుట వారిని గించపఱచుటయే కదా యని కొంద ఱాక్షేపింపవచ్చును. ఆక్షేపము తేలికది కాదు. కాని చూచు మనమును గూర్చుండియే యున్నాము. కెమెరా పెట్టెచోట నుండుటచే నా దృశ్యము మన కద్దమగుచున్నది. ఆన్‌స్లో సోఫాయు రాయల్ కుటుంబపు సోఫాయు వస్తుదృష్టిచే నొక్కటియే. మొదటిదానికడ మనము నిలుచుండి చూచితిమి. రెండవదానికడఁ గూర్చుండి చూచితిమి. కావున నొక ప్రహసనము పేదవానిని గౌరవించినదో, హీనపఱచినదో తెలియఁగోరువారు వాని చినిగిన బట్టను గాక, చూచువానికి రచయిత యే యెత్తునఁ బీఠము వైచెనో యరయవలెను. ఆహార్యమును బాత్రమునకే పరిమితము చేయక ప్రేక్షకుని స్థానమునకును విస్తరింపఁజేసి చూచినచో, మన రూపకములందలి హాస్యవిచారమునకును గొంత వెలుఁగు గలుగునని తలంచుచున్నాను. విజ్ఞులు పరిశీలింతురు గాక.