హైదర్ మరణవార్త – యంత్రం సాక్ష్యం

1782 డిసెంబరు 7న చిత్తూరు సమీపాన నరసింగరాయనిపేట విడిదిలో మైసూరు పాలకుడు హైదర్ అలీ మరణించారు. కుమారుడు టిప్పు అప్పుడు మలబారు తీరాన ఉన్నారు. సైన్యం చెదిరిపోకూడదని పూర్ణయ్య, కృష్ణారావు ప్రభృతులు వార్తను దాచారు. భౌతికకాయాన్ని పెట్టెలో ఉంచి, ఖజానా సొమ్మన్నట్లుగా కోలారుకు పంపారు. ఆ రోజుల్లో విడిదిలోని వారినందరినీ అడిగి లెక్కగట్టి ఉంటే, హైదర్ బ్రతికే ఉన్నారన్న మాటే నెగ్గేది. నిజం ఎరిగినవారు కొద్దిమందే.

పలువురి మాటలను పోగుచేసి లెక్కగట్టినంత మాత్రాన అది జ్ఞానమవుతుందా? కృత్రిమ మేధ ఈ ప్రశ్నను మళ్లీ లేవనెత్తింది. 2017లో ఇస్తాంబుల్‌లోని సాల్ట్ గలాటాలో రెఫిక్ అనదోల్ అనే కళాకారుడు 17 లక్షల పత్రాలను అటువంటి యంత్రానికి అప్పగించి ఒక ప్రదర్శన నిర్మించాడు. సందర్శకులు కోరిన పత్రాన్ని వెదకవచ్చు. ఎవరూ అడగనప్పుడు యంత్రమే పత్రాల మధ్య ఊహించని సంబంధాలను అల్లుతుంది. కళలో అది ముచ్చటే. చరిత్రలో మాత్రం ప్రమాదం.

ఇబ్నె ఖల్దూన్ (1332–1406) తమ ‘ముఖద్దిమా’లో ‘జాయిర్జా’ అనే అక్షరచక్రాన్ని వర్ణించారు. ప్రశ్నలోని అక్షరాలను దానిపై గణిస్తే జవాబు పద్యరూపంలో వచ్చేది. అది అక్షరాల పొందికే గాని గైబ్ జ్ఞానం కాదని ఆయన తేల్చారు.

హదీసు పండితులు ముందుగా ఇస్నాద్ అడిగేవారు: చెప్పినదెవరు? ఎవరి నుండి విన్నారు? వారు నమ్మదగినవారా? యంత్రం ఎంత చక్కగా పలికినా, ఆ గొలుసు చూపనంతవరకు అది కబురే; సాక్ష్యం కాదు.